రోజుకో పొర

తాటిగెల కొస నుంచి గీత కార్మికుడు కోసిన పొరను వేళ్ళ మధ్య పట్టుకుని ఎండకెత్తితే వెలుతురు ఇవతలికి దిగుతుంది. అంత పలచగా ఉంటుంది. ఇంకాస్త మందంగా కోస్తే గెల కాలానికి ముందే అయిపోతుంది. మరీ పైపైన గీస్తే నిన్నటి గాయం పూర్తిగా తెగదు, చుక్క రాలదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందు వెంట్రుకవాసి. ఇరవై మీటర్ల ఎత్తున, మట్టల మధ్య ఒళ్ళు ఇరికించుకుని, ఒక చేత్తో గెలను నిలబెట్టి రెండో చేత్తో ఆ కొలత తప్పకుండా కోయాలి. పొద్దున కోసిన గెలనే సాయంత్రం మళ్ళీ కోయాలి. చెట్టు పారినన్నాళ్ళూ ఇదే పని.

భువనగిరి నుంచి జనగామ దాకా, అక్కడి నుంచి సూర్యాపేట దాకా చలికాలం చివర ప్రయాణం చేస్తే రోడ్డుకు రెండు వైపులా తాటి వనాలు కనిపిస్తూనే ఉంటాయి. తల కింద కల్లు లొట్లు వేలాడుతుంటే ఆ చెట్టు గీతలో ఉన్నట్టు. బస్సు కిటికీలోంచి చూస్తే చెట్టు ఎక్కే మనిషే కళ్ళను పట్టేస్తాడు. ఎక్కడం నిజంగా గొప్ప విద్యే. అయినా అదంతా పైనున్న ఆ ఒక్క కోత కోసమే. మోకు, గుజి, కత్తి, నూరే చెక్క, లొట్టి, లొట్టికి పూసే సున్నం, ఏది చూసినా దాని రూపం చివరికి ఆ పలచని పొర దగ్గరే తేలుతుంది.

కోతలోని నేర్పు తెలియాలంటే ముందు చెట్టు లోపలికి చూడాలి. వేప, మామిడి వంటి చెట్లకు బెరడు కింద సన్నటి జీవపు పొర ఒకటి ఉంటుంది. ఏటేటా కొత్త చెక్కనూ కొత్త బెరడునూ పుట్టించేది అదే. మానుకు గాయమైతే కొన్నేళ్ళలో కప్పేసేదీ అదే. తాటికి, ఈతకు, జీలుగుకు ఆ పొర లేదు. తాటి మొద్దును అడ్డంగా కోసి చూస్తే వలయాలు కనిపించవు. వేలకొద్దీ నారకట్టలు చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంటాయి. ప్రతి కట్టలోనూ రెండు దారులుంటాయి. ఒకటి వేళ్ళ నుంచి నీటిని పైకి తెస్తుంది. రెండోది ఆకులు తయారుచేసిన చక్కెరను ఎక్కడ అవసరమో అక్కడికి చేరుస్తుంది. ఈ రెండో దారిలోని కణాలు ప్రాణంతో ఉంటేనే పనిచేస్తాయి. మామూలు చెట్లలో అవి కొన్నాళ్ళకు చనిపోయి, వాటి చోటికి కొత్తవి వస్తాయి. తాటి జాతిలో కొత్తవి వచ్చే వీలు లేదు. అందుకని ఉన్నవే చెట్టు బతికినంత కాలం బతుకుతాయి. తాతల నాటి తాటిచెట్టు మొదట్లో తాతల నాటి కణాలే ఇవాళ్టికీ చక్కెర మోస్తున్నాయి. ఇది తెలిశాక ఆ నల్లటి మానును చూసే చూపే మారిపోతుంది.

కల్లు వచ్చేది ఈ రెండో దారి నుంచి. కెనడాలో మేపుల్ చెట్టుకు బెజ్జం వేసి పట్టే రసం మొదటి దారిది, నీళ్ళు మోసేది. దానిలో చక్కెర సుమారు రెండు శాతమే. తాటి రసంలో పది శాతం పైనే ఉంటుంది. చెట్టు తన చక్కెరనంతా పూతకూ కాయకూ పంపే కాలంలో, ఆ పంపకం జరిగే గెల దగ్గరే మనిషి కాపు కాస్తాడు. గెల కొస కోయగానే కాయలకు చేరాల్సిన రసం బయటికి ఊరుతుంది. అయితే చెట్టు ఊరుకోదు. తెగిన సన్నటి నాళాల నోళ్ళను లోపలి నుంచి మూసుకోవడం మొదలుపెడుతుంది. గంటలు గడిచే కొద్దీ ధార సన్నబడుతుంది. మూసుకున్న ఆ కాస్త మేరను తీసేస్తే మళ్ళీ పారుతుంది. చెట్టు ఎంత లోతున మూసుకుందో అంతే తీయాలి, అంతకు మించితే నష్టం. పొర అంత పలచగా ఉండడానికి కారణం ఇదే. మూసుకుపోయిన లోతు కంటికి ఆనదు. గెల తడిని బట్టి, రంగును బట్టి, కత్తికి తగిలే మెత్తదనాన్ని బట్టి చెయ్యి గ్రహిస్తుంది.

ఇక కత్తి. గీతకు వాడే కత్తి వెడల్పుగా, పలచగా, కొద్దిగా వంగి ఉంటుంది. కర్రలు కొట్టే కత్తి కాదిది. మట్టలు నరకడానికీ గెల చుట్టూ శుభ్రం చేయడానికీ బరువైన కత్తి వేరే ఉంటుంది. గీసే కత్తిని ఆ మోటు పనికి తాకనివ్వరు. నూరడం కూడా మామూలు సాన మీద కాదు. చదునైన చెక్క మీద పలుగురాయిని మెత్తగా దంచిన తెల్లటి పొడి చల్లి, కత్తిని బల్లపరుపుగా ఆనించి, ముందుకూ వెనక్కూ రాస్తారు. రాయి మీద నూరితే అంచుకు గరుకు పళ్ళు వస్తాయి. వాటితో కోస్తే నాళాలు నలుగుతాయి, నలిగిన నాళం త్వరగా మూసుకుంటుంది. పొడి రాసిన చెక్క అంచును నున్నగా చేస్తుంది. తెగిన ముఖం అద్దంలా ఉంటేనే రసం చివరి దాకా ఆగకుండా కారుతుంది. చెట్టు కింద కూర్చుని కత్తి నూరుకునే ఆ కొద్ది సేపూ గీత కార్మికుడు ఎవరితోనూ మాట్లాడకపోవడం చాలాచోట్ల గమనించాను. అంచును బొటనవేలి మీద అడ్డంగా ఆనించి చూసుకుని, తృప్తి కలిగాకే లేస్తాడు.

నడుముకు కట్టుకునేది ముస్తాదు. కత్తులు, చిన్న కుండ, మిగతా సరంజామా దానికే వేలాడతాయి. చేతులు రెండూ చెట్టుకు ఖాళీగా ఉండాలి కాబట్టి పైకి వెళ్ళాల్సిందంతా నడుమే మోస్తుంది. పాదాలకు గుజి ఉంటుంది. రెండు పాదాలనూ ఒక కొలతలో కలిపి ఉంచే తాడు వలయం అది. అన్నిటికంటే పెద్దది మోకు. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. వీపుకు ఆనే చోట ఒరుసుకోకుండా వెడల్పుగా, మెత్తగా ఉండేలా చుట్టి ఉంటారు.

ఈ రెండు తాళ్ళతో ఎక్కడం ఎలా సాగుతుందో దగ్గరగా నిలబడి చూస్తే ఎంత తెలివైన ఏర్పాటో అర్థమవుతుంది. మనిషి వెనక్కి వాలినప్పుడు బరువంతా మోకు మీద పడుతుంది. బరువు పడిన కొద్దీ మోకు మానుకు మరింత బిగుస్తుంది. జారనివ్వకుండా పట్టుకునేది ఆ ఒరిపిడే. అంటే మనిషి బరువే మనిషిని కాపాడుతుంది. ఆ పట్టు ఉండగానే మోకాళ్ళు ముడిచి పాదాలను పైకి లాక్కుంటాడు. గుజి పాదాలను విడిపోనివ్వదు కాబట్టి అరికాళ్ళు రెండు వైపుల నుంచి మానును అదిమి పట్టుకుంటాయి. ఇప్పుడు బరువు పాదాలకు మారుతుంది. ఒంటిని చెట్టు వైపు లాక్కోగానే మోకు వదులవుతుంది. ఆ క్షణంలో రెండు చేతులతో దాన్ని ఒక్క ఊపున పైకి ఎగరేసి మళ్ళీ వెనక్కి వాలతాడు. మోకు పట్టినప్పుడు కాళ్ళు కదులుతాయి, కాళ్ళు పట్టినప్పుడు మోకు కదులుతుంది. రెండూ ఒకేసారి వదిలిన క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు. తాటిమాను మొదట్లో లావుగా ఉండి పైకి పోయే కొద్దీ సన్నబడుతుంది. కాబట్టి మోకు ముడి కింద మరీ బిగుతుగానూ పైన మరీ వదులుగానూ కాకుండా ముందే కుదరాలి. ప్రతి చెట్టు లావూ వేరు. తన వంతు చెట్లలో దేనికి ఎంత వదలాలో గీత కార్మికుడికి కంఠతా వచ్చి ఉంటుంది.

వాన పడ్డ మాను నల్లగా నిగనిగలాడుతూ జారుతుంది. అప్పుడు ఒరిపిడి తగ్గుతుంది, లెక్క మారుతుంది. పైకి చేరాక మరో అడ్డంకి ఉంటుంది. తాటిమట్ట రెండంచులా నల్లటి రంపపు పళ్ళుంటాయి. గెల దగ్గరికి పోవాలంటే వాటి మధ్య నుంచే దూరాలి. అందుకే సీజను మొదట్లోనే తల శుభ్రం చేసుకుంటారు. ఎండిన మట్టలు దించి, కాలు పెట్టే చోటూ చెయ్యి వేసే చోటూ ఏర్పరచుకుంటారు. ఆ ఏర్పాటు ఒకసారి చేసుకున్నాక రోజూ అదే వరసలో కదులుతారు. ఎడమ కాలు ఏ మట్ట మొదట్లో మోపాలో, కుడి భుజం ఎక్కడ ఆనించాలో ఆలోచించే పని ఉండదు. ఆలోచనంతా కోతకు మిగులుతుంది.

తాటిలో ఆడ, మగ చెట్లు వేరు. తెలంగాణలో గీత కాలమంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది. మగ చెట్టు పోతుతాడు, జనం నోట పోద్దాడు. కాయ కాయదు. మట్టల మధ్య నుంచి లావైన వేళ్ళలాంటి పూకంకులు గుంపులుగా బయటికి వస్తాయి. చలికాలంలో ముందు పారేది ఇదే. తర్వాత ఆడ చెట్టు వంతు. లేత గెల మీద గీసేది పరుపుతాడు. ఎండలు ముదిరి, గెల కాయతో బరువెక్కిన దశలో గీసేది పండుతాడు. మూడింటి రుచీ వేరని, ఒంటికి చేసే చలవా వేరని తాగేవాళ్ళు పంతంగా వాదించుకుంటారు. గీసేవాడికి మాత్రం అవి మూడు వేరు వేరు పనులు. పోతుతాటి కంకులు సన్నవి, చాలా ఉంటాయి. కొన్నిటిని ఒక కట్టగా చేర్చి నారతో కట్టి, కొసలన్నీ ఒకే వరసలోకి తెచ్చి ఒకే కుండలోకి వంచాలి. ఆడగెల ఒక్కటే లావైన కాడ. దాన్ని తొందరపడి వంచితే మొదట్లో చీలుతుంది. రోజుకింత చొప్పున కిందికి తెస్తూ, తెచ్చిన మేరకు కట్టు బిగిస్తూ పోవాలి.

వంచడంతో పాటు మర్దన ఉంటుంది. కంకులను రెండు కర్రల మధ్య పెట్టి మెల్లగా నొక్కుతారు. లావు గెలనైతే చిన్న కర్రతో వరసగా తడతారు. తట్టడమే గానీ కొట్టడం కాదు. పై తోలు పగలకూడదు, లోపలి కండ మాత్రం కదలాలి. ఇది కొన్ని రోజులు చేశాక కొస కోయడం మొదలుపెడతారు. కోయగానే రసం రాదు. రోజూ నొక్కుతూ, రోజూ కోస్తూ ఉంటే ఒక రోజు కొస చెమరుస్తుంది, ఆ తర్వాత చుక్క కడుతుంది. అప్పుడు గాని లొట్టి కట్టరు. మొదటి చుక్కకు ముందు పడే ఈ కష్టం కింద ఉన్నవాళ్ళకు కనపడదు. కుండలో చుక్క లేకపోయినా రోజుకు రెండుసార్లు ఎక్కి దిగాల్సిందే. ఒక్కరి వంతులో పదీ పదిహేను చెట్లుంటే ఆ రోజులు ఎలా గడుస్తాయో ఊహించుకోవచ్చు.

లొట్టి మట్టిది. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది. గెల కొస మెడలోకి దిగేలా కట్టి, పక్కన మిగిలిన సందును ఆకుతోనో పీచుతోనో మూస్తారు. తేనెటీగలు, కాకులు, ఉడతలు ఈ చక్కెర కోసం కాచుకుని ఉంటాయి. మట్టికుండ గోడకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటి గుండా తేమ బయటికి చెమర్చి ఆరిపోతూ లోపలి రసాన్ని చల్లగా ఉంచుతుంది. ఆ రంధ్రాల్లోనే ఇంకో సంగతి దాగి ఉంది. చెట్టు నుంచి కారేటప్పుడు రసం తియ్యగా, తేటగా ఉంటుంది. పులుపు ఉండదు, మత్తు ఉండదు. దాన్ని కల్లుగా మార్చేది ఈస్టు. అది గాలిలో, గెల మీద, అన్నిటికంటే ఎక్కువగా పాత లొట్టి గోడల్లో కాపురముంటుంది. నిన్నటి కల్లు తడి ఇవాళ్టి రసానికి తోడు అవుతుంది. దానితో పాటు పులుపు పుట్టించే బాక్టీరియా కూడా చేరతాయి. పొద్దున దించినప్పటికే సగం పని జరిగి, నురుగు కడుతుంది. సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాలు తేలుతుంది. మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. కల్లును నిలవ పెట్టే మాటే లేదు. అది ఏ గంటకు ఏ రుచిలో ఉంటుందో తెలిసి దించడం కూడా పనిలో భాగమే.

అదే లొట్టికి లోపల సున్నం పూస్తే కథ మారిపోతుంది. సున్నం రసాన్ని క్షార గుణంలో ఉంచుతుంది. ఈస్టు, బాక్టీరియా అక్కడ పెరగలేవు. చెట్టు నుంచి ఎలా వచ్చిందో అలాగే దిగుతుంది. అదే నీరా. కాచితే తాటిబెల్లమవుతుంది. కిలో బెల్లానికి ఎనిమిది నుంచి పది లీటర్ల నీరా కావాలి. పూత మరీ పలచనైతే తెల్లవారేసరికి పులుపెక్కుతుంది, ఎక్కువైతే రసానికి సున్నపు రుచి అంటుకుంటుంది. చల్లదనంతో నీరాను నిలబెట్టే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. గీసిన గెల దగ్గర నుంచే చల్లగా ఉంచితే సున్నం అవసరం తగ్గుతుంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద పని చాలా కాలంగా జరుగుతోంది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2023లో నీరా కేఫ్ తెరిచారు. యంత్రాలు ఎన్ని వచ్చినా అవన్నీ చుక్క కారిన తర్వాతి పనికే. చుక్క కారించేది ఇంకా ఆ కత్తే.

కల్లు దించి పోసే మండువ దగ్గర తాగడానికీ ఒక పద్ధతుంది. తాటాకును దొన్నెలా మడిచి రేక కడతారు. రెండు చేతులతో రేక పట్టుకుని కూర్చుంటే గీత కార్మికుడు లొట్టి మూతికి పీచు అడ్డం పెట్టి పోస్తాడు. తేనెటీగలూ పొట్టూ పీచులో ఆగుతాయి. “గౌడన్నా, ఇంకొంచెం వొయ్యి” అన్న మాట వినిపిస్తూ ఉంటుంది. కత్తితో సహా చెట్టు ఎక్కిన మనిషే తన చేత్తో పోయడంలో ఉన్న మర్యాద నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఎవరి చెట్టు, ఏ చెట్టు, ఇవాళ ఎలా పారింది అన్నీ అక్కడే తెలిసిపోతాయి.

తాటి దగ్గర నేర్చుకున్న లెక్క ఈత దగ్గర పనికిరాదు. ఈతలో గెల జోలికి పోరు, మాను తలనే గీస్తారు. ఒక పక్క మట్టలు తీసేసి, మొవ్వుకు కొంచెం కింద లేత మానును చెక్కుతారు. గట్టి పొరలు పోయి, లోపలి లేత తెల్లదనం బయటపడాలి. దాన్ని కొన్నాళ్ళు ఆరనిచ్చి, మధ్యకు వాలుగా కోత పెట్టి, రెండు వైపుల నుంచి కారే రసం ఒక గాడిలోకి చేరేలా చేస్తారు. గాడి కొసకు చిన్న తూము. దాని కింద కుండ. ఇక్కడ ప్రమాదం తాటిలో కంటే ఎక్కువ. తాటిలో గెల పాడైతే ఒక గెలే పోతుంది. ఈతలో కత్తి ఆడేది చెట్టు ప్రాణం పక్కన. ఈ జాతి చెట్లన్నిటికీ పెరిగే చోటు ఒక్కటే, తలలోని మొవ్వు. అది దెబ్బతింటే పక్కకొమ్మ వేసి బతికే అవకాశం వీటికి లేదు. మొవ్వుకు ఎంత దగ్గరైతే రసం అంత బాగా పారుతుంది, చెట్టు పోయే భయమూ అంత పెరుగుతుంది. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు గాయాన్ని ఆరబెట్టి, మళ్ళీ గీయడం అందుకే.

ముందు చెప్పిన జీవపు పొర లేదన్న సంగతి ఈతచెట్టు ఒంటి మీదే చదవొచ్చు. గీసిన చోటు ఎన్నటికీ పూడదు. ఈ ఏడు తూర్పున గీస్తే వచ్చే ఏడు పడమట గీస్తారు, ఒకే వైపు బలహీనపడి చెట్టు వాలిపోకుండా. చెట్టు పైకి పెరుగుతూ పోతుంది, పాత గాట్లు కింద మిగిలిపోతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, మాను మెలికలు తిరిగినట్టు కనిపిస్తుంది. కింది నుంచి గాట్లు లెక్కపెట్టుకుంటూ పోతే ఆ చెట్టును ఎన్ని ఏళ్ళు గీశారో తెలుస్తుంది. గాట్లు ఒకే లోతున, ఒకే ఎడంతో ఉంటే ఒకరి చేతి పని అనుకోవచ్చు. మధ్యలో ఒక గాటు మరీ లోతుగా ఉండి, దాని పైన మాను సన్నబడి ఉంటే, ఆ ఏడు చెట్టు ఎంత కష్టపడిందో అక్కడే రాసి ఉంటుంది.

బెంగాల్ పల్లెల్లో శీతకాలంలో ఇదే చెట్టును మరో లక్ష్యంతో గీస్తారు. అక్కడ ఈ పని చేసేవాళ్ళను శివులీలంటారు. వాళ్ళకు కావలసింది మత్తు కాదు, నొలేన్ గుడ్ అనే కొత్తబెల్లం. సాయంత్రం కుండ కట్టి, సూర్యోదయానికి ముందే దించుతారు. చలిరాత్రి ఈస్టును నిద్రపుచ్చుతుంది కాబట్టి రసం తేటగా దక్కుతుంది. వెంటనే వెడల్పాటి పళ్ళేల్లో పోసి కాస్తారు. బంగ్లాదేశ్‌లో ఈ పనికి ఇంకో జాగ్రత్త తోడైంది. రాత్రిపూట గబ్బిలాలు చెక్కిన చోట రసం నాకుతాయి, వాటి నుంచి నిపా వైరస్ పచ్చి రసంలోకి చేరుతుందని తేలింది. దానికి విరుగుడుగా వెదురు బద్దలతో తడిక అల్లి, గాటునూ తూమునూ కుండ మూతినీ కలిపి కప్పుతారు. పదునైన కత్తికి తోడు ఒక తడిక. ఖర్చు కొద్ది, వెదురు ఇంటి వెనకే దొరుకుతుంది, ప్రాణాలు దక్కుతాయి. ఇంత సరళమైన ఉపాయం నా మనసుకు చాలా దగ్గరగా తోస్తుంది.

అరకు, పాడేరు, మారేడుమిల్లి దారుల్లో తాటికి బదులు జీలుగు ఎదురవుతుంది. మాను నున్నగా ఉంటుంది, ఆకులు చేప తోకల ఆకారంలో చీలి ఉంటాయి. దీన్ని మోకుతో ఎక్కడం కంటే వెదురుతో ఎక్కడమే ఎక్కువ చూశాను. పొడవాటి వెదురు బొంగును చెట్టుకు ఆనించి కడతారు. కణుపుల దగ్గర కొమ్మలను పూర్తిగా నరకకుండా జానెడేసి వదిలేస్తారు. ఆ మొడుచులే మెట్లు. ఒంటి బొంగు నిచ్చెన. వెదురు తన కొమ్మలను కణుపు కణుపుకూ ఎలా పెంచుకుందో ఆ ఎడమే అడుగుకు సరిపోతుంది. నిచ్చెన చేయడానికి మేకు అక్కర్లేదు, మెట్టు బిగించడానికి తాడు అక్కర్లేదు.

జీలుగు పూసే తీరు వింతైనది. ఏళ్ళ తరబడి ఒక్క పువ్వూ లేకుండా పెరిగి, మానులో పిండి పదార్థం దాచుకుంటుంది. సమయం వచ్చాక తల దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. పై నుంచి కిందికి గెలలు వేస్తూ వచ్చి, ఆఖరి గెలతో చెట్టు ప్రాణం ముగుస్తుంది. దాచుకున్న పిండి అంతా చక్కెరగా కరిగి ఆ గెలల్లోకి పారుతుంది. జీలుగు అంత ధారాళంగా పారడానికి కారణం ఆ ఏళ్ళ నిల్వ. ఒక్కో గెల కాలం ముగిసేసరికి గీసేవాడి పని చోటు కిందికి దిగుతుంది. గోదావరి కొండల రెడ్ల మధ్య ఉండి పరిశీలించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో వచ్చిన తన పుస్తకంలో, ఏడాదిలో తిండి తక్కువైన కాలంలో వాళ్ళకు జీలుగు రసం ఎంత ఆధారమో వివరంగా రాశాడు. కరువు రోజుల్లో మానులోని గుజ్జును దంచి పిండి తీసి తినేవాళ్ళు. అయితే గుజ్జు తీయడానికి చెట్టును పడగొట్టాలి. గీస్తే చెట్టు నిలబడి ఉండగానే ఆ పిండే తియ్యటి రసమై రోజూ దిగుతుంది. ఏది ఎప్పుడు అన్నది కొండ మీది కుటుంబానికి తెలియాల్సిన లెక్క.

ఈ పనిలో పడిపోవడం ఉంది. గీత పని చేసే గౌడల ఇళ్ళల్లో చెట్టు మీది నుంచి జారిన మనిషి గురించిన మాట రాని ఇల్లు తక్కువ. వెన్నుపూస విరిగి మంచాన పడినవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. పొద్దున చెట్టెక్కే ముందు కాటమయ్యకు దండం పెట్టుకోవడం ఉత్త అలవాటు కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఆ దేవుడి పేరు మీదనే కాటమయ్య రక్షణ కవచం అని భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒంటికి బిగించే పట్టీలు, వాటికి కలిపే తాడు కాలు జారినా మనిషిని చెట్టుకే వేలాడదీసి ఉంచాలన్నది దాని ఉద్దేశం. పాత మోకు, పట్టున్నంత సేపే కాపాడుతుంది. పట్టు తప్పిన తర్వాత కూడా కాపాడేది కొత్తది. ఈ తేడా చాలా పెద్దది. ఆ కిట్టు కట్టుకుని ఎక్కడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, రోజుకు రెండుసార్లు పదిహేను చెట్లు ఎక్కేవాడికి ఆ కాస్తే బరువు. అయినా కొత్త తాడు అలవాటు కావాలనే నా కోరిక. ఇంత నేర్పున్న చెయ్యి నేలకు రాలడం కంటే ఆలస్యంగా ఎక్కడం మేలు.

నేర్పడం అంతా పొట్టిచెట్ల మీద మొదలవుతుంది. జనగామ వైపు ఒక ఈతవనంలో తండ్రి కింద నిలబడి, కొడుకు పైన గీస్తుండగా, రాలిన పొరను తండ్రి నేల మీద నుంచి తీసి చూశాడు. “ఇంక సన్నగ తియ్యి కొడుకా” అన్నాడు. కాసేపటికి ఇంకోటి రాలింది. దాన్నీ తీసి చూసి, ఈసారి ఏమీ అనలేదు. పైన ఉన్నవాడి చేతిని కింద ఉన్నవాడు చూడలేడు, కత్తిని ఆనించే కోణమూ కనపడదు. రాలిన పొర మందమూ, దాని అంచు ఒకే తీరుగా ఉందా అన్నదీ చూస్తే ఆ రెండూ తెలిసిపోతాయి. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉంటే మణికట్టు వాలిందన్నమాట. నడుమ చిరిగి ఉంటే కత్తి ఆగి మళ్ళీ కదిలిందన్నమాట.

తెలంగాణలో ఈమధ్య చెరువు గట్ల మీద, రోడ్ల పక్కన తాటి, ఈత మొక్కలు చాలాచోట్ల నాటారు. ఈత త్వరగా గీతకు వస్తుంది. తాటి గింజ నాటినవాడు పన్నెండేళ్ళో, పదిహేనేళ్ళో, అంతకు మించో ఆగాలి. అది పూత వేసే దాకా పోతుతాడో ఆడతాడో చెప్పే గుర్తు ఆకులో లేదు, మానులో లేదు. ఎన్ని పోతువి, ఎన్ని ఆడవి అన్నది తెలియకుండానే వనం మొత్తాన్నీ పెంచుతారు, అప్పటికి గీసే చెయ్యి తయారై ఉండాలని పిల్లలకు పక్కనే పొట్టి ఈతల మీద కత్తి అలవాటు చేస్తారు.